ఈ ఏడాది బెల్లం ఆవకాయ పంపలేమండీ

"బెల్లం ఆవకాయ ఎప్పుడొస్తుంది?" అని వాట్సాప్‌లో అడుగుతున్న వాళ్లందరికీ ఒకటే జవాబు. ఈ ఏడాది అమ్మడం లేదు. అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఈ వారంలోనే డబ్బు వెనక్కి వేసేస్తాం. బదులుగా మామూలు ఆవకాయో, వెల్లుల్లి ఆవకాయో, పెసరావకాయో కావాలంటే చెప్పండి, అవి ఉన్నాయి.

కారణం ఎండ. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో మా రాజమండ్రిలో పొద్దున మబ్బు, సాయంత్రం జల్లు. మామూలు ఆవకాయకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. కాయ కడిగి, తుడిచి, ఫ్యాను కింద తడి లేకుండా ఆరబెడితే మిగతాది ఉప్పూ నూనే చూసుకుంటాయి. బెల్లం పడితే మాత్రం లెక్క వేరు. ముక్కలోని నీరంతా లాగేసి పల్చటి పాకమవుతుంది. అది ఎండకు చిక్కబడకపోతే కొన్నాళ్లకు నురగ కట్టి, సీసా మూత ఉబ్బుతుంది. అలాంటి సీసాను విమానమెక్కిస్తే పక్కనున్న కందిపొడీ, పట్టుచీరా అన్నీ ఆవకాయే.

ఊటను పొయ్యి మీద మరిగించమని కొందరన్నారు. అందులో ఆవపిండి ఉంటుంది కదా, మరిగితే ఆ ఘాటు ఎగిరిపోతుంది. వెనిగర్ మాట ఎత్తకండి, మామిడికాయకు పులుపు అరువు తేవాలా? డ్రయ్యర్ ఆలోచన మంచిదే, ధర విన్నాక ఊరుకున్నాం. నిజానికి మాకు నాలుగు డబ్బులు మిగిలేది బెల్లం ఆవకాయలోనే, అయినా తప్పలేదు.

మీ ఊళ్లో ఎండ ఉంటే ఇంట్లోనే పెట్టుకోండి. టెంకతో కొట్టిన పుల్లటి ముక్కలు కిలో. జీడి తీసేశాక టెంకకు అంటుకుని కాగితంలాంటి పొర ఉంటుంది, దాన్ని ప్రతి ముక్కకూ పొడిగుడ్డతో తుడిచి తీయాలి. విసుగు పుట్టించే పనే కానీ వదిలేయకండి. ఉప్పు, కారం, ఆవపిండి 150 గ్రాముల చొప్పున, చెంచాడు మెంతులు, పావుకిలో నువ్వులనూనె కలిపి జాడీలో పెట్టండి. కారంలో సగం గుంటూరుది, సగం వరంగల్ చపాటా వేస్తాం మేము. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కిన మిరప అది, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. తీపి పచ్చడికి అదే అందం.

మూడోరోజు అరకిలో బెల్లం తురిమి కలపండి. తెల్లగా మెరిసే బెల్లం వద్దు, ముదురు రంగుది తీసుకోండి. కొంచెం నోట్లో వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే ఉప్పు తగ్గించాలి కాబట్టి ఈ పని ముక్కలు కలపకముందే చేయాలి. బెల్లం కరిగాక ముక్కల్ని ఊట పోయేలా పిండేసి, పళ్లెంలో ఎండబెట్టండి, ఊటను వెడల్పాటి గిన్నెలో, పైన పల్చటి గుడ్డ కట్టి, విడిగా ఎండలో పెట్టండి. పాకం వేలికి తేనెలా సాగితే చాలు, ముక్కలు అందులో వేసేయండి. రెండు మూడు మంచి ఎండలు కావాలి. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఆ కొరత ఉండదనుకుంటా! మొదట్లో తీపి ఒకవైపు, కారం ఒకవైపు లాగుతాయి. నెల తిరిగాక తినండి.

ఆర్డర్ మార్చుకునేవాళ్లు పాత మెసేజ్ కిందే రాయండి, వెతుక్కునే పని తప్పుతుంది. వెల్లుల్లి ఆవకాయ సీసాలు ఎక్కువ లేవు, ముందు అడిగినవాళ్లకే.