డిసెంబర్ 17ని కూడా గుర్తుపెట్టుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

1971లో పాకిస్తాన్ మీద గెలిచిన యుద్ధానికి గుర్తుగా డిసెంబర్ 16న జరిపే విజయ్ దివస్ మరునాడు మీ సిటీ పేజీలో వచ్చిన ఫొటో గురించి రాస్తున్నాను. ఎవరో ఒకరు రాస్తారులే అని కొన్నాళ్లు చూశాను. ఎవరూ రాయలేదు. ముందు వరుసలో సోఫాల్లో కూర్చున్న నాయకులందరి పేర్లూ ఎడమ నుంచి కుడికి, హోదాలతో సహా వేశారు. వాళ్ల వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురు ముసలివాళ్లు కోటు మీద మెడల్స్ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. ఆ రోజు పండుగ ఎవరిదండీ? కార్పొరేటర్ గారిదా?

ఫొటో పక్కనే ఉన్న వ్యాసంలో డిసెంబర్ 16 సాయంత్రంతో యుద్ధం అయిపోయిందని రాశారు. ఢాకాలో అయిపోయింది, నిజమే. అక్కడి రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగిపోతూ మన జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా ఎదుట సంతకం పెట్టడం, దాదాపు 93 వేల మంది మనకు యుద్ధఖైదీలుగా చిక్కడం బడి పిల్లలకు కూడా తెలుసు. కానీ పశ్చిమ సరిహద్దులో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది 17వ తేదీ రాత్రి 8 గంటలకు. ఆ సరిహద్దులోనే బసంతర్ నది దగ్గర సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ తన ట్యాంకులోనే ప్రాణం వదిలింది సరిగ్గా ఆ 16నే. ఇరవై ఒక్కేళ్ల పిల్లాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. మా నాన్న ఆ రోజు అదే సరిహద్దులో షకర్‌గఢ్ వైపు తన గన్ను దగ్గర ఉన్నారు. "రేడియోలో గెలిచామని చెప్తున్నారు, మాకేమో ఇంకా ఫైర్ ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి" అని చెప్పేవారు. అందుకే మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టేది 17న. ఆ రాత్రి ఎనిమిదయ్యాకే నాన్న అన్నం తినేవారు. ఆయన పోయాక అమ్మ ఆ పద్ధతి మానలేదు.

నాన్న పెద్ద ఆఫీసరేం కాదు. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయిన మామూలు గన్నర్. 25 పౌండర్ అనే ఫిరంగి మీద పనిచేశారు. గుండు బరువు పదకొండు కిలోలకు పైనే ఉంటుంది. ఒక్కో గన్నుకు ఆరుగురు మనుషులు. ఒకరు గుండు అందిస్తే ఒకరు లోపలికి నెట్టాలి, ఒకరు గురి చూడాలి. చెవులకు రక్షణ అంటే అప్పట్లో కాస్త దూది, అదీ దొరికితే. ఎడమ చెవి అక్కడే పోయింది. ఇంటికి వచ్చాక ఎవరు మాట్లాడినా తల తిప్పి కుడి చెవి పెట్టేవారు. తెలియనివాళ్లు ముఖం తిప్పుకుంటున్నాడేమో అనుకునేవారు.

యుద్ధం పదమూడు రోజులే అని మనం చాలా తేలిగ్గా అంటాం. మా అమ్మకు అది ఏడాది పైమాట. పాకిస్తాన్‌తో సిమ్లా ఒప్పందం 1972 జులైలో జరిగింది. పట్టుకున్న ప్రాంతాలు ఖాళీ చేసి మన సైన్యం పూర్తిగా వెనక్కి రావడానికి ఆ ఏడాది డిసెంబర్ దాకా పట్టింది. అన్నాళ్లూ ఆ పొలాల్లో మందుపాతరల మధ్య మన జవాన్లు కాపలా కాశారు. కాల్పులు ఆగిన తర్వాత కూడా ఆ మైన్లు తీస్తూ మనవాళ్లు చనిపోయారు. వాళ్ల గురించి ఏ డిసెంబర్‌లోనూ ఎవరూ మాట్లాడరు.

హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చేశాక నాన్న ఒక బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకీతో గార్డుగా నిలబడ్డారు. సైకిల్ చూస్తూ ఉండమని అప్పజెప్పేవాళ్లు, ఫారం నింపిపెట్టమని అడిగేవాళ్లు. ఆయన చేసిపెట్టేవారు కూడా. ఈ ఊళ్లో బ్యాంకు గేటు దగ్గరో, ఏటీఎం దగ్గరో, అపార్టుమెంటు సెల్లార్‌లోనో రిజిస్టర్ పట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని ఎప్పుడైనా అడిగి చూడండి. మీరే యూనిట్ అని అడిగితే చాలు, కుర్చీలో నిటారుగా అవుతారు.

సభల సంగతి కూడా చెప్తాను. ఒకసారి ఇలాంటి కార్యక్రమానికే నాన్నను పిలిచారు. ముందురోజు నల్ల ట్రంకు పెట్టె తెరిచి, మెడల్స్ బయటికి తీసి, బ్రాసో రాసి పాత బనీను గుడ్డతో ఒక్కోటీ తుడిచారు. పశ్చిమి స్టార్, సంగ్రామ్ మెడల్, మిగతావి. రిబ్బన్లు వెలిసిపోతే అమ్మ సూదిదారంతో అంచులు కుట్టింది. పొద్దున్నే తయారై వెళ్తే ముఖ్య అతిథి మధ్యాహ్నానికి గానీ రాలేదు. బడి పిల్లలు జెండాలు పట్టుకుని ఎండలో కూర్చున్నారు, ఒక పాప కళ్లు తిరిగి పడిపోయింది. శాలువాలు ముందు నాయకులకు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు కప్పారు. పాత సైనికుల వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. స్టేజీ వెనక ఫ్లెక్సీ మీద యుద్ధంలో పనిచేసిన మనిషి ఫొటో ఒక్కటి లేదు. నాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చి మెడల్స్ పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్లలేదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం మొదలైన టెన్షన్ వేరే. ఎప్పుడో యూనిట్ క్లర్కు అమ్మ పేరు తనకు వినపడినట్టు డిశ్చార్జి బుక్కులో రాసుకున్నాడు. ఆధార్‌లో ఇంకోలా ఉంది. అఫిడవిట్ తెమ్మన్నారు, తెచ్చాం. ఇది కాదు, ఇంకో నమూనాలో కావాలన్నారు. నడవలేని మనిషిని కౌంటర్ ముందు నిలబెట్టి, మీరే ఆయన భార్య అని రుజువేంటి అని అడిగారు. యాభై ఏళ్ల కాపురానికి రుజువు అడిగే ముందు కనీసం కూర్చోమని ఒక కుర్చీ వేయాలి కదా. దేశభక్తి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఆ కౌంటర్ల దగ్గర ఒక పూట కూర్చుని చూడాలి.

సైన్యంతో ఇంత సంబంధం ఉన్న ఊరు దక్షిణాన ఎన్ని ఉన్నాయి? గోల్కొండలో ఆర్టిలరీ, తిరుమలగిరిలో సైన్యం వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ, సికింద్రాబాద్‌లో సైన్యానికి ఆయుధాలు, సామగ్రి అందించే ఆర్డ్‌నెన్స్ విభాగం సెంటర్, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. సైనిక్‌పురి అని ఒక పేటకు పేరే ఉంది. అయినా మన పిల్లలను పరేడ్ గ్రౌండ్స్‌లో ఉన్న వీరుల సైనిక్ స్మారక్ ఏమిటని అడిగి చూడండి. జనవరి 26న, ఆగస్టు 15న పెద్దలు అక్కడ పుష్పగుచ్ఛం ఉంచడం టీవీలో వస్తుంది. మర్నాటి నుంచి ఆ స్థూపం ఊసే ఉండదు. విశాఖపట్నం బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ ఆ తీరం దగ్గరే మునిగిందని అక్కడి పిల్లలు చెప్తారు. మా చిన్నప్పుడు డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినం అంటే బడిలో డబ్బా తిప్పేవారు. పావలా వేస్తే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితం జెండా గుండుసూదితో జేబుకు గుచ్చేవారు. ఇప్పుడు మా మనవడి బడిలో ఆ రోజు ప్రీ ఫైనల్ పరీక్ష పెట్టారు. జెండా సంగతి టీచర్‌కే తెలియదు.

ప్రాణాలిచ్చినవాళ్లను మనం గౌరవించడం లేదని నేను అనడం లేదు. గల్వాన్‌లో పోయిన కల్నల్ సంతోష్ బాబుకు సూర్యాపేటలో విగ్రహం పెట్టారు, మహావీర చక్ర ఇచ్చారు. కార్గిల్‌లో పోయిన మన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్యను ప్రతి జులైలో తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. నా బాధ బతికి తిరిగొచ్చినవాళ్ల గురించి. 1971లో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కూడా ఇప్పుడు డెబ్బై దాటాయి. ఏ గన్ను, ఏ గ్రామం, ఏ రాత్రి అని చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. నాన్న చెప్పినవి నేను నోటుబుక్కులో రాసుకున్నాను కాబట్టి ఈ మాత్రం రాయగలుగుతున్నాను. మిగతావాళ్ల మాటలు ఎవరు రాసుకుంటున్నారు? సైనిక సంక్షేమం చూసే అధికారులు ఈ జంట నగరాల్లో 1971లో పనిచేసినవాళ్లు ఎవరెవరున్నారో ఒక జాబితా అయినా తయారుచేసి ప్రకటించాలి. పెన్షన్ ఇచ్చేవాళ్ల దగ్గర పేర్లు లేకపోవు కదా.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వచ్చే ఏడాది డిసెంబర్ 3 నుంచి 17 దాకా రోజుకొక పాత సైనికుడి మాటలు మీ సిటీ పేజీలో వేయండి. పేరు, ఊరు, యూనిట్, ఆయన చూసింది, చేసింది. యాప్రాల్, తిరుమలగిరి, బొల్లారం, సైనిక్‌పురి వీధుల్లో మీ రిపోర్టర్ ఒక్క వారం తిరిగితే పదిహేను మంది దొరుకుతారు. చిరునామాలు కావాలంటే నాన్న స్నేహితులవి నా దగ్గర ఉన్నాయి, వాళ్లను అడిగి ఇస్తాను. వాళ్లలో ఇద్దరికి వినికిడి తక్కువ, కాస్త గట్టిగా మాట్లాడమని మీ రిపోర్టర్‌కు చెప్పండి.

ఇట్లు,
ఒక గన్నర్ కూతురు,
తిరుమలగిరి, సికింద్రాబాద్