మహిళా న్యాయవాదుల శిక్షణ గురించి నల్లగొండ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి నమస్కారాలు.

దేవరకొండ, చందంపేట తండాల మహిళల తరఫున నిలబడే పారా లీగల్ వాలంటీర్లకు, యువ న్యాయవాదులకు లైంగిక నేరాల విచారణలో అంతర్జాతీయ న్యాయస్థానాల అనుభవాన్ని నేర్పే శిక్షణ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పునాది అయిన రోమ్ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు కనుక ఆ కోర్టు మన కేసులు వింటుందన్న భ్రమ నాకు లేదు. అయినా ఆ కోర్టు, అలాంటి ఇతర అంతర్జాతీయ కోర్టుల పనితీరు మనకు పనికొస్తుంది.

1994 రువాండా మారణకాండ నేరాలను విచారించడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన రువాండా ట్రిబ్యునల్‌లో, అక్కడి ఒక మేయరైన అకయేసు మీద నడిచిన కేసునే తీసుకోండి. మొదటి అభియోగపత్రంలో అత్యాచారం ప్రస్తావనే లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన స్త్రీల మాటల్లో అది బయటపడింది. ధర్మాసనంలోని ఏకైక మహిళ నవనీతం పిళ్లై ప్రశ్నలడిగారు, మహిళా సంఘాలు పట్టుబట్టాయి, 1997లో అభియోగాలను సవరించారు, అత్యాచారం జాతి నిర్మూలన కిందికి రాగలదని 1998 తీర్పు తొలిసారి తేల్చింది. నన్నడిగితే శిక్షణలో సగం కాలం ఈ ఒక్క కేసుకే ఇవ్వవచ్చు, ఎందుకంటే మన దగ్గర కూడా భూతగాదాగానో కొట్లాటగానో నమోదైన ఫిర్యాదు అడుగున ఇలాంటి నేరం దాగి ఉంటే, ఓపికగా వినే మనిషి లేనిదే అది కాగితం మీదికి రాదు.

ప్రతిఘటించకపోవడం సమ్మతి కాదని హేగ్ కోర్టు నియమాలూ, మన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ వివరణా చెబుతున్నాయి. క్రాస్ ఎగ్జామినేషన్ వేళ దీన్ని గుర్తుచేయగల వకీళ్లు కావాలి. లంబాడీలో చెప్పిన వాంగ్మూలాన్ని తెలుగులోకి మార్చే దుబాసీలకూ ఇదే శిక్షణలో చోటివ్వండి.

తొలి విడతను దేవరకొండలోనే, బస్సులు దొరికే వేళల్లో పెడితే తండాల వాలంటీర్లు రాగలుగుతారు.

ఇట్లు,
ఒక మహిళా న్యాయవాది, నల్లగొండ