అమ్మలూ, ఎక్కడ ఉండాలన్న మాటకి

పర్లాకిమిడి

చి.సౌ. అమ్మలుకి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి బీపీ అదుపులోనే ఉంది, టెన్షన్ పడకు.

మొన్న ఫోనులో అడిగావు కదా, "జర్మనీలో అన్నీ ఉన్నాయి, పలకరించే మనిషే లేడు, పాపని తీసుకుని వచ్చేస్తే మంచిది కాదా" అని. అప్పుడు నువ్వు ఏడుస్తున్నావు, నాకు మాట రాలేదు. అందుకే రాస్తున్నాను. నా కోసమైతే రావద్దు. పాప కోసమైతే ఇంకొన్నేళ్లు అక్కడే ఉండు.

నీ పురిటికి వచ్చినప్పుడు మీ రోడ్లూ రైళ్లూ చూసి నేనేమీ పెద్దగా ఆశ్చర్యపోలేదు. నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మీ గుమ్మంలోకి వచ్చిందే ఆ మంత్రసాని, ఆవిణ్ణి చూసి ఆశ్చర్యపోయాను. పాప బొడ్డు చూసింది, తూకం వేసింది, నీ కుట్లు చూసింది. పాలు సరిపోతున్నాయా, నిద్ర పడుతోందా అని కూర్చుని అడిగింది. నువ్వు డబ్బు తీయబోలేదు, అంతా ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారన్నావు. మొదటి పదిరోజులూ రోజూ రావచ్చట, అవసరమైతే 12 వారాల దాకా రావచ్చట. నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సుగా, మన గుమ్మ బ్లాకు కొండల్లో తిరిగి చేసిన పని కూడా అదే. అందుకే ఆవిడ చేతులవైపే చూస్తూ ఉండిపోయాను.

మన దగ్గర ఆ పని లేదని కాదు. కాన్పు అయ్యాక 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఆశా దీదీ బాలింత ఇంటికి వెళ్లాలి. ఆ పథకం పెట్టినప్పుడు అన్ని రోజులూ తిరిగినందుకు ఇస్తామన్నది 250 రూపాయలు. అది జీతం కాదు, ప్రోత్సాహకం. వాగు పొంగినా, కొండెక్కాల్సి వచ్చినా అంతే. మీ మంత్రసాని ఎంత శ్రద్ధగా చేసిందో మా దీదీలూ అంత శ్రద్ధగానే చేస్తారు. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా వాళ్లని ఉద్యోగులుగా గుర్తించలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

డబ్బున్న దేశం కాబట్టి వాళ్లకి కుదిరింది అంటారు నాన్న. కొంత నిజమే. డాలర్లలో చూస్తే మనిషికి సగటు ఆదాయం జర్మనీలో మన దేశం కంటే సుమారు 20 రెట్లు. ఇక్కడి ధరలు తక్కువ కదా, ఆ తేడా సరిచేసి చూస్తే ఆరేడు రెట్లకి దిగుతుంది. అయినా డబ్బు ఒక్కటే అయితే కేరళ సంగతేమిటి? 2020 లెక్కల్లో పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో ఏడాది నిండకుండా పోయినవాళ్లు కేరళలో 6, మన ఒడిశాలో 36. జర్మనీలో 3 దాకా ఉంటుంది. జర్మనీ కంటే ధనిక దేశమైన అమెరికాలో 5 పైనే.

ఆ 36 చూసి మన ఊరిని తక్కువ చేయకు. 2005లో అది 75. నెలలు నిండిన సవర ఆడవాళ్లని డోలీ కట్టి మోసుకొచ్చిన రోజులు అవి. సమయానికి రాలేని వాళ్లు ఎంతమందో. ఆ ఏడే ఆసుపత్రిలో కాన్పుకి డబ్బిచ్చే జనని సురక్ష పథకం మొదలైంది, 2011లో మన రాష్ట్రం గర్భిణులకీ బాలింతలకీ ఇచ్చే 'మమత' పథకం డబ్బులు వచ్చాయి, కొండ ఊళ్ల గర్భిణులు ముందే వచ్చి ఉండటానికి 'మా గృహ' కట్టారు. పాప పెద్దయ్యాక దానికి ఇవన్నీ చెప్పు. దాని అమ్మమ్మ కూడా అందులో పని చేసిందని చెప్పు.

ఇక మనుషుల తోడు. నాన్నకి గుండెలో నొప్పి వచ్చిన రాత్రి వీధి వీధంతా వచ్చింది, నీకు తెలుసు. కారు ఎవరిది, శ్రీకాకుళమా బరంపురమా, ఏ డాక్టర్ ఎవరికి తెలుసు అని అందరూ తలో దిక్కుకీ ఫోన్లు చేశారు. వాళ్ల రుణం తీర్చుకోలేను. కానీ మనకి తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి గట్టెక్కాం. కొండమీద సవర ఇంట్లో అదే నొప్పి వస్తే ఎవరికి ఫోను చేస్తారు? అక్కడ మీరు 112 కొడితే, నువ్వెవరి మనిషివని ఎవరూ అడగరు. నా దృష్టిలో మంచి బతుకంటే ముందు అదే.

నువ్వు తలుచుకుని బాధపడే మన ఇంటి సందడి కూడా ఊరికే రాలేదమ్మా. నేను డ్యూటీకి వెళ్తే నిన్ను పెంచింది మీ నాయనమ్మ. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచి ఎక్కడికైనా వెళ్లాలనుకుందా అని ఎవరం అడగలేదు. పాపకి ఏడాది నిండితే డేకేర్ సీటు మీకు చట్టం ఇచ్చిన హక్కు. వెతుక్కోవడం కష్టమన్నావు, అయినా వదలకు. సీటు దొరికితే నువ్వు మళ్లీ ఉద్యోగానికి వెళ్లొచ్చు.

నీ ఒంటరితనాన్ని తేలిగ్గా తీసిపారేయడం లేదు. మీ కింది ఇంట్లో ముసలావిడ సంచి మోసుకుంటూ ఒక్కతే మెట్లెక్కడం చూసి నాకు అన్నం సహించలేదు. మనుషులు అంత దూరం దూరంగా బతకడం నాకు నచ్చలేదు. భాష క్లాసు మానేయకు. ఆవిడ సంచి నువ్వు అందుకో, కాస్త పప్పుచారు పట్టుకెళ్లి ఇవ్వు. ముందు నువ్వు పలకరించు.

ఇంకో పని ఉంది. మీ మంత్రసాని మళ్లీ కనిపిస్తే అడుగు, రోజుకి ఎన్ని ఇళ్లు తిరుగుతుంది, ఒక్కో ఇంటికి ఎంత ఇస్తారు, పక్క ఊరికి వెళ్తే బండి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అని. ఇక్కడి దీదీలు ఆదివారం మన ఇంటికి వస్తున్నారు, వాళ్లు అర్జీ రాసుకుంటున్నారు. శనివారం లోపు వాట్సాప్‌లో పంపించు.

మీ అమ్మ