పెరట్లో కోడి ఉంటే జరిమానానా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇళ్ల మధ్య కోళ్లు పెంచితే జరిమానా వేస్తామన్న వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అధికారులు చెప్పింది చెప్పినట్టు వేశారు. పెంచుకునేవాళ్లను ఒక్కరినైనా అడగలేదు. కుక్కయితే ఇంట్లో మనిషట, పిల్లి అయితే ముద్దట, కోడి మాత్రం కూరకే పుట్టిందా?

మా పెరట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. నూకల డబ్బా మూత చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాయి. పుంజుకి పురుగు దొరికితే తను మింగదు, పెట్టలను పిలిచి ముందు పెడుతుంది. నల్లపెట్ట పొదగడానికి కూర్చుంటే 21 రోజులూ గుడ్ల మీద నుంచి గింజల కోసం తప్ప లేవదు. గద్ద నీడ పడిందా, నల్లపెట్ట ఒక్క అరుపుకి పిల్లలన్నీ రెక్కల కింద దూరతాయి. ఇంత మమకారం ఉన్న ప్రాణిని పెంపుడు జంతువు కాదని ఎవరు తేల్చారు?

రెట్ట ఎత్తకపోతే వాసనే, కాదనను. ఎన్ని ఉండాలో, గూడు ఎక్కడ కట్టాలో నియమం పెట్టండి, పాటిస్తాం. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో ఫారాలకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి జనం భయపడుతున్నారు. వస్తే పెరటి కోడికీ వస్తుంది. అందుకే పశువైద్యులు మా గుమ్మాలకు రావాలి, నోటీసులు కాదు. కొక్కెర తెగులు రాకుండా వారం పిల్లకు కంట్లో వేసే లసోటా మందు సీసా వంద కోళ్లకు తక్కువ దొరకదు. కలిపాక గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. నాలుగు కోళ్లున్న ఇల్లు ఏం చెయ్యాలి? పశువుల ఆసుపత్రిలో అడిగితే "కోసుకు తినక మందెందుకమ్మా" అన్నారు. అదే వరండాలో కుక్కలకు టీకాలు వేస్తున్నారు.

మా వీధిలో సందె పడితే ట్యూషన్ పిల్లలు కుక్కల భయానికి ఒంటరిగా రాలేరు. కోడి పొడిస్తే రేబిస్ రాదు. కుక్క కరిచి రేబిస్ ముదిరితే మనిషి దక్కడు. వీధి కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేయించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో చెప్పింది, మా వార్డులో మాత్రం కుక్కలను పట్టే బండి కనపడలేదు. కాలువలో పూడిక తియ్యరు, దోమల మందు కొట్టరు. సంక్రాంతి మూడు రోజులూ బరుల్లో కత్తులు కట్టి పుంజులను చంపుతుంటే, లక్షలు చేతులు మారుతుంటే ఏ అధికారికీ నోరు రాదు. ప్రేమగా పెంచుకునేవాళ్ల మీదే అధికారమంతా.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరట్లో పెంచుకోవడానికే వనరాజా, గ్రామప్రియ కోళ్లను తయారుచేసింది. పెంచమనేదీ ప్రభుత్వమే, పెంచితే జరిమానా అనేదీ ప్రభుత్వమే. ఇక మేం ఎవరి మాట వినాలి?

మాకిచ్చిన నోటీసులో ఏ చట్టమో, ఏ సెక్షనో రాయలేదు. మీ విలేకరితో ఆ ఒక్కటీ అడిగించి పత్రికలో వేయండి.

– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా