తిమింగలం పుట్టుక కథను పదో తరగతి పిల్లలకు తిరిగి ఇవ్వండి

ఎన్‌సీఈఆర్‌టీ డైరెక్టర్ గారికి,

పదో తరగతి సైన్సులో పరిణామం పాఠాన్ని 2023లో తీసేశారు. పన్నెండులో ఉంది కదా అంటారు, కానీ పదితోనే బయాలజీ వదిలేసి ఎంపీసీకో కామర్స్‌కో వెళ్లే పిల్లల సంగతేంటండీ?

మన దేశంలో శిలాజంగా దొరికిన ఇండోహ్యూస్ అనే ప్రాచీన జంతువు సంగతే చూడండి. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు గారు సేకరించిన, శిలాజాలున్న రాళ్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. ఆయన పోయాక భార్య వాటిని శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. ల్యాబ్‌లో శుభ్రం చేస్తుంటే ఓ పుర్రెలో చెవి ఎముక పొరపాటున విరిగింది, చూస్తే ఒకవైపు గోడ బాగా మందంగా ఉంది, అలాంటి చెవి తిమింగలాలకే ఉంటుందని అప్పటిదాకా అనుకునేవారు! ఇదేమో పిల్లి అంత ఉండే, గిట్టలున్న జంతువు, దాదాపు 4.8 కోట్ల ఏళ్ల నాటిది. అంటే తిమింగలాల పూర్వీకులు నేల మీద తిరిగిన ఇలాంటి గిట్టల జంతువులకు చుట్టాలన్నమాట. ఈ సంగతి 2007లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది. బతికున్నవాటిలో తిమింగలానికి దగ్గరి చుట్టం నీటిగుర్రమేనని డీఎన్ఏ కూడా చెబుతోంది, అందుకే ఇప్పుడు తిమింగలాన్ని కూడా ఆవులు, జింకలు ఉండే వర్గంలోనే చేర్చారు.

ఇంత గొప్ప విషయం పది దాటకముందే ప్రతి పిల్లాడికీ, పిల్లకీ తెలియాలి. ఆ పాఠం తిరిగి పెట్టండి, అందులో ఇండోహ్యూస్‌కు ఒక పేజీ ఇవ్వండి, ఆ చెవి ఎముక బొమ్మతో సహా.