నన్ను పరిగెత్తనివ్వని వాళ్లకు

మొన్న ఆదివారం ముంబై మారథాన్ పూర్తి చేశాను. 42.195 కిలోమీటర్లు, 5 గంటల 48 నిమిషాలు. ఆగస్టులో నేను వేసుకున్న లెక్క నాలుగున్నర గంటలు, అది దసరాల్లో డెంగ్యూతో పాటే పోయింది. ఫొటో పెట్టగానే అందరూ నీ పట్టుదల, నీ పట్టుదల అంటున్నారు. నా పట్టుదలకే వదిలేసి ఉంటే జ్వరం దిగిన రోజే షూ వేసుకుని మళ్లీ ఆస్పత్రిలో తేలేవాణ్ని. నాకు సాయం చేసింది నన్ను ఆపినవాళ్లు.

మొదట మా వీధి మెడికల్ షాపు అన్న. ఒళ్లు నొప్పులకు గట్టి మాత్ర ఇవ్వమని వెళ్తే, బెజవాడ దుర్గమ్మ కొండకు వచ్చిన భవానీలతో షాపు కిటకిటలాడుతున్నా నా మొహం ఒకసారి చూసి, "ముందు రక్తపరీక్ష చేయించుకో, డెంగ్యూ అయితే ఆ మాత్రలకి బ్లీడింగ్ అవుద్ది, పారాసిటమాల్ తప్ప ఏదీ ఇవ్వను" అని పంపేశాడు. జ్వరం తగ్గిందని నేను సంబరపడుతుంటే, అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఇప్పుడేనని చెప్పి అడ్మిట్ చేసుకున్న డాక్టరు గారికి కూడా దండం. ప్లేట్‌లెట్లు 28 వేలకు పడిపోయాయని తెలిసి మా ఆఫీసు కుర్రాళ్లు నలుగురు రక్తం ఇస్తామంటూ ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నారు. బ్లీడింగ్ లేదు, ఎక్కించక్కర్లేదు అన్నారు డాక్టరు, అన్నట్టే వాటంతటవే పెరిగాయి. అయినా మీరు ఇచ్చినట్టేరా తమ్ముళ్లూ. (బొప్పాయి ఆకు రసం మాత్రం తాగాను, అత్తయ్య గారి మాట కాదనలేక.)

ఇక బాబాయి. రైల్వేలో చేసి రిటైరయ్యారు, పొద్దున బ్యారేజీ మీద నడిచే మా అందరికీ బాబాయే. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. నవంబరు మొదట్లో నేను మొదటిసారి వెళ్లిన రోజు ఇరవయ్యో గేటు దగ్గరే రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను, కాళ్లలో జీవం లేదు, ఏడుపొకటే తక్కువ. ఆయన ఓదార్చలేదు. "రేపు ఇరవై రెండు" అన్నారంతే. అలా రోజుకు రెండేసి గేట్లు పెంచుతూ సీతానగరం చివరకు చేరేసరికి కార్తీకం అయిపోయింది. తర్వాత పరుగు మొదలుపెట్టినా ఒకటే రూలు, మాట్లాడుతూ పరిగెత్తలేకపోతే నడవాలి. నేను ఆయాసాన్ని దాచుకుంటానని ఆయనకు తెలుసు, అందుకే కావాలని రాజకీయాలు కదిపేవారు, జవాబు చెప్పకుండా ఉండలేనని. అదే సమయంలో, నేను వేగం చూసుకోకుండా మా ఆవిడ నా వాచీ దాచేసింది, ఎక్కడో ఇంతవరకూ చెప్పలేదు. మొత్తం ట్రైనింగులో నా పెద్ద పరుగు 28 కిలోమీటర్లే, అంతకు మించి ఎవరూ ఒప్పుకోలేదు.

ముంబైలో సముద్రం మీద వంతెన దాకా బాగానే నడిచింది. తిరిగొచ్చేటప్పుడు పెద్దర్ రోడ్డు ఎక్కుడు దగ్గర, ఒంట్లో ఏమీ మిగలనప్పుడు, మాట వస్తుందో లేదో చూద్దామని "ఒకటో గేటు, రెండో గేటు" అని పైకే లెక్కపెట్టుకుంటూ నడిచాను. పక్కనే వస్తున్న ఒక పెద్దాయన నన్ను అదోలా చూసి, తన చేతిలోని కమలాపండు సగం ఒలిచి ఇచ్చారు. ఆయనకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు, ఈ పోస్టు ఆయన చూడరు కూడా. అయినా ధన్యవాదాలు.

ఈ ఆదివారం ఐదింటికి బ్యారేజీ దగ్గర ఉంటాను, అందరికీ టీలు, మిగిలిన సంక్రాంతి అరిసెలు నావే. పరుగు మాత్రం లేదు, రెండు వారాలు ఆగమన్నారు బాబాయి.