తోడికోడలి మాటలో దాగిన చరిత్ర

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన ఒక వ్యాసం, సంస్కృతం, గ్రీకు, లాటిన్ వంటి భాషలకు తల్లి అని భావించే ఇండో-యూరోపియన్ మూలభాష మాట్లాడిన వారి జీవితాన్ని మాటల పోలికల ఆధారంగా ఊహించడం కాలక్షేపమేనని తేల్చింది. ఆ పోలికలకు ఉదాహరణలుగా చూపే ‘చక్రం’, ‘మధువు’ తెలుగులోనూ ఉన్నాయి కదా, అలాగైతే తెలుగు కూడా ఆ కుటుంబానిదే కావాలి కదా అని ప్రశ్నించింది. చాలాకాలం తెలుగు, సంస్కృతం పాఠాలు చెప్పినవాడిగా ఆ వాదనతో ఏకీభవించలేక ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పద్ధతికి ఆధారం పైపై పోలిక కాదు, ధ్వనుల మార్పులో కనిపించే నియమం. 1879లో స్విస్ భాషావేత్త సొస్యూర్, అప్పటికి తెలిసిన ఏ భాషలోనూ నేరుగా కనబడని కొన్ని ధ్వనులు మూలభాషలో ఉండి తీరాలని తర్కంతో నిర్ధారించారు. తర్వాత టర్కీలో దొరికిన మట్టిపలకల మీది ప్రాచీన హిట్టైట్ భాష ఈ కుటుంబానిదేనని 1915లో చెక్ పండితుడు హ్రోజ్నీ విడమరచి చెప్పారు. సొస్యూర్ చెప్పిన చోట్లలో కొన్నింట ‘హ’ వంటి ధ్వని ఆ భాషలో నిలిచి ఉందని 1927లో పోలిష్ భాషావేత్త కురిలోవిచ్ చూపారు. ఊహాగానానికి ఇటువంటి రుజువు దొరకదు.

ఇక సమాజం సంగతి. అమరకోశం వల్లె వేసిన వారికి ‘యాతృ’ అనే మాట గుర్తుండే ఉంటుంది. అన్నదమ్ముల భార్యలు ఒకరికొకరు ఏమవుతారో, అంటే మన తోడికోడలు, దాని అర్థం. ఈ మాటకు తోబుట్టువులు గ్రీకు, లాటిన్, లిథువేనియన్, స్లావిక్ భాషల్లో ఉన్నాయి. ‘దేవృ’, అంటే భర్త సోదరుడు, గ్రీకులో ‘దాయేర్’, లాటిన్‌లో ‘లేవిర్’. గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌లో హెలెన్, తన భర్తకు అన్న అయిన హెక్టర్‌ను ‘దాయేర్’ అనే ఈ మాటతోనే పిలుస్తుంది. తెలుగింటి కోడలైతే ‘బావగారూ’ అనేది. కోడలికి సంస్కృతంలో ‘స్నుషా’, లాటిన్‌లో ‘నురుస్’. భర్త తరఫు చుట్టాలకు ఇన్ని ఉమ్మడి మాటలుండగా భార్య తరఫు వారికి అంత స్థిరమైనవి దొరకవు. పెళ్లయిన స్త్రీ అత్తవారింటికి వెళ్లి, అక్కడి తోడికోడళ్లతో కలిసి బతికిన కుటుంబం ఆ మాటల వెనుక కనబడుతుందని పండితులు చెప్పడం నాకు సబబుగానే తోస్తుంది.

బండి మాటలు కాలాన్ని కూడా చెబుతాయి. ఇరుసుకు సంస్కృతంలో ‘అక్ష’, లాటిన్‌లో ‘అక్సిస్’. కాడికి ‘యుగ’, ‘యుగుమ్’. చక్రానికి గ్రీకులో ‘కుక్లోస్’. చక్రాల బండికి తవ్వకాల్లో దొరికిన తొలి ఆధారాలు సుమారు క్రీ.పూ. 3500 నాటివి కాబట్టి, ఈ మాటలను పంచుకున్న భాషలు అంతకు చాలా ముందే చెల్లాచెదురయ్యాయనడం కష్టం. హిట్టైట్‌లో చక్రానికి వేరే మాట ఉన్నందున అది ముందుగా విడిపోయిందనే వాదమూ ఉంది. అయినా బండి నొగకు మాత్రం సంస్కృతంలో ‘ఈషా’, హిట్టైట్‌లో ‘హిష్ష’ అని ఉండడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. ఒకే మూలం నుంచి వచ్చిన మాట లాటిన్‌లో బీచ్ చెట్టునూ, గ్రీకులో ఓక్ చెట్టునూ సూచిస్తుంది. అందువల్ల ఒక్క చెట్టు పేరు పట్టుకుని మూలభాష వారి ఊరు ఎక్కడో చెప్పలేం. భాషను బట్టి జాతిని నిర్ణయించడం అంతకంటే పెద్ద తప్పు. 1888లోనే సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ దానిని గట్టిగా ఖండించారు.

తెలుగు గురించిన ప్రశ్నకు జవాబు 1816లోనే మద్రాసులో వచ్చింది. క్యాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి తాను రాసిన ఉపోద్ఘాతంలో, అక్కడి ఆంగ్లేయ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెచ్చుకున్న మాటలను పక్కనపెట్టి దేశ్యపదాలను, ధాతువులను తమిళ కన్నడాలతో పోల్చి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల కుటుంబానిదేనని చూపారు. ‘చక్రం’ మనం తెచ్చుకున్న మాట. ‘బండి’, ‘ఇరుసు’ మన సొంతం. చుట్టరికాల్లోనూ అంతే: మేనత్తా అత్తే, భర్త తల్లీ అత్తే, మేనమామా మామే, భార్య తండ్రీ మామే. మేనరికాన్ని ఇంత స్పష్టంగా చెప్పే అమరిక, అత్తగారికీ మేనత్తకూ వేరువేరు మాటలున్న సంస్కృతంలో లేదు.

తెలుగును గురించి ఆ వ్యాసం కలిగించిన అపోహను సరిదిద్దుతూ మీ పత్రికలో ఒక సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత భాషోపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం